నిమ్మరసానికి లొంగని ఉక్కు : హారీ బ్రియర్లీ జీవితం

నెల్లూరు జిల్లా పడమటి సీమలో, ఉదయగిరి మొదలు ఆత్మకూరు, చేజర్ల వరకు గల పల్లెల వంటయిండ్లలో పులుపుదే పెత్తనం. చింతపండు పులుసు లేనిదే అక్కడ భోజనం నిండదు. నిమ్మకాయకు ఆ జిల్లా పెట్టినది పేరు. గూడూరు, పొదలకూరు మార్కెట్లనుండి నిమ్మకాయలు దూరప్రాంతాలకు పోతూ ఉంటవి. అయితే నాలుకకు ప్రియమైన ఈ పులుపు లోహానికి పగ. అందుచేతనే వెనుకటి తరాల గృహిణులు పులుసుకు మట్టికుండను, రాచ్చిప్పను, ఊరగాయకు జాడీని నమ్ముకొన్నారు. ఇత్తడి గిన్నెలో పులుసు కాచవలెనంటే లోపల తగరపు కళాయి ఉండి తీరవలెను. అది అరిగినచో చిలుము పుట్టి ఆహారం చెడేది. ఇనుప కత్తిపీటమీద నిమ్మకాయ కోసినచో ఇనుము నల్లబడి, ముక్కకు దాని వాసన పట్టేది. ఉదయగిరి పనివారు కొండచెట్ల కర్రతో చెక్కే గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొంది నేటికీ పేరు నిలుపుకొంటున్నవి. వాటి సొగసుతోపాటు కర్రకు తుప్పు తెలియదన్న సుగుణం కూడ వాటికి ఉన్నది.

ఈనాడు ఆ ఇండ్లలోనే కంచం, చెంబు, గ్లాసు, బిందె అన్నీ స్టీలువి అయినవి. పులుసు కాచి, తోమి బోర్లించినచో గిన్నె మరల మెరుస్తుంది. చెన్నపట్నం వైపు ఈ లోహానికి ఎవర్ సిల్వర్ అని పేరు వచ్చినది. ఎన్నటికీ మాయని వెండి అని దాని భావం. ఇంత దగ్గరి వస్తువు వెనుక నిలిచిన మనిషి మాత్రం మనలో చాలమందికి పరిచితుడు కాడు. ఆయన పేరు హారీ బ్రియర్లీ. ఉక్కు కొలిమివాని కొడుకు. పన్నెండేండ్ల ప్రాయంలో బడి విడిచి ప్రయోగశాలలో సీసాలు కడిగినవాడు. తుప్పు పట్టని ఉక్కును లోకంలో అందరికంటె ముందు చూచినవాడు ఆయనే అని చెప్పడానికి వీలు లేదు. కాని ఇతరులు లోపమని విసుగుకొని విడువదగిన దానిలో ఆయన గుణాన్ని కనుగొన్నాడు. ఆ చూపు ఆయనకు ఎట్లు అబ్బినదన్నదే ఈ జీవితకథలో విద్యార్థులు గ్రహించదగిన విషయం.

బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18వ తేదీన ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో రామ్స్‌డెన్ యార్డు అనే ఇరుకు వాడలో జన్మించినాడు. తండ్రి జాన్, తల్లి జేన్. తొమ్మిదిమంది సంతానంలో హారీ ఎనిమిదవవాడు. ఇల్లు చిన్నది, సంసారం పెద్దది, రాబడి అంతంతమాత్రం. షెఫీల్డు కత్తుల ఊరు. 14వ శతాబ్దం నాటికే ఆ ఊరి కత్తికి దేశంలో పేరున్నది. వీధివీధినా కొలిమి మంట, సమ్మెట మోత, సానరాతి రవ్వలు. తండ్రి థామస్ ఫర్త్ అండ్ సన్స్ అనే పేరుపడ్డ కంపెనీలో మూసలలో ఉక్కు కరగించే పనివాడు. బంకమన్నును కాళ్లతో తొక్కి మెదిపి చేసిన మూసలలో ఇనుమును నింపి, నేలలో త్రవ్విన కొలిమి గుంటలలో కోకు బొగ్గు మంటమీద గంటలకొలది కాచేవారు. ఒక్కొక్క మూసలో సుమారు 25 కిలోల లోహం కరిగేది. తడిపిన గోనెలు కాళ్లకు చుట్టుకొన్న పనివాడు పొడవాటి పటకారుతో ఆ మూసను పైకి లాగేవాడు. ఉక్కు పక్వమయినదో లేదో చెప్పగలిగినది కరగించువాని కన్ను ఒక్కటే.

ఈ విద్య తెలుగు నేలకు కొత్తది కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో కమ్మరులు ఊక కలిపిన మన్నుతో మూసలు చేసి, వాటిలో ఇనుమును ఉంచి మూతవేసి కాచి, మెల్లగా చల్లార్చి మేలిజాతి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ఉక్కుకొరకు పారశీక వర్తకులు అంతదూరం నుండి వచ్చేవారు. డమాస్కసు ఖడ్గాలకు పేరు తెచ్చినది ఇట్టి ఉక్కే. తెలుగు, కన్నడ భాషలలోని ఉక్కు అనే మాట పాశ్చాత్యుల నోట ఊట్జ్‌గా మారి వారి శాస్త్రగ్రంథాలకు ఎక్కినది. 1795లో జార్జి పియర్సన్ అనే వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీలో ఆ ఉక్కును గురించి ఒక పరిశోధన వినిపించినాడు. కోనసముద్రపు కమ్మరుల పేర్లు చరిత్రలో నిలువలేదు. షెఫీల్డు మూసలవద్ద చెమటోడ్చిన జాన్ బ్రియర్లీ పేరును కొడుకు నిలబెట్టినాడు.

హారీ చిన్ననాడు తండ్రి పనిచేసే చోటికి పోయి మంటల నడుమ ఆ మనుష్యుల కదలికను గంటలకొలది చూచేవాడు. పన్నెండేండ్లకు బడి ముగిసినది. కొద్ది రోజులు ఒకచోట, కొద్ది వారాలు మరొకచోట చిల్లర పనులు చేసి, తండ్రి ఉన్న కొలిమిలోనే చేరినాడు. కొలిమి గుంటల అడుగున ఉండే నేలమాళిగలో బూడిద తీయడం, పైవారు అడిగినది అందించడం ఆ పిల్లవాని పని. ఆపైన ఫర్త్ కంపెనీ రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే పని దొరికినది. ఆ ప్రయోగశాలకు పెద్ద జేమ్స్ టేలర్. చీకటి మాళిగనుండి వచ్చిన కుర్రవాని చురుకుదనాన్ని టేలర్ గుర్తించినాడు. అంకగణితం, బీజగణితం నేర్చుకొనుమని పురికొల్పి, తానే దగ్గర ఉండి దారి చూపినాడు. హారీ పగలు సీసాలు కడిగి, సాయంకాలం రాత్రి బడులకు పోయి చదివినాడు. కొన్నియేండ్లకు సీసాలు కడిగిన చేతులే వాటిలోని ద్రావకాలను తూచి లోహాన్ని పరీక్షించడం మొదలుపెట్టినవి.

ఉక్కులో కర్బనం ఎంత, మాంగనీసు ఎంత, భాస్వరం ఎంత అని నిర్ణయించడంలో బ్రియర్లీ నిపుణుడయినాడు. 1895లో హెలెన్‌ను వివాహమాడినాడు. ఉక్కు కర్మాగారపు పదార్థాల విశ్లేషణను గురించి ఫ్రెడ్ ఇబ్బట్సన్ అనే పండితునితో కలిసి వ్రాసిన గ్రంథం 1902లో వెలువడినది. ఆ రోజులలోనే ఫర్త్ కంపెనీని విడిచి కైజర్ ఎల్లిసన్ అనే మరొక కంపెనీలో రసాయనజ్ఞుడుగా చేరినాడు. తరువాత, నాటి రష్యా సామ్రాజ్యంలోని రీగా నగరంలో ఫర్త్ వారు నడపిన కర్మాగారానికి వెళ్లినాడు. అక్కడ 1905 విప్లవపు అలజడి నడుమ కొలిమిని నిలబెట్టి నడపవలసి వచ్చినది. ఉక్కును ఎంత వేడిచేసి ఎట్లు చల్లార్చినచో ఎంత పదునెక్కునో ఆయన చేతిమీద నేర్చుకొన్నది ఎక్కువగా ఆ కాలంలోనే. పనిముట్ల ఉక్కుకు పదునుపెట్టే విధానాలను గురించి 1911లో వెలువరించిన గ్రంథం ఆ అనుభవపు పంట. రెండు మూడేండ్లు గడువకముందే ఈ జ్ఞానం ఆయన కీర్తిని కాపాడినది.

1907లో స్వదేశం చేరిన బ్రియర్లీకి 1908లో కొత్త బాధ్యత లభించినది. షెఫీల్డులోని జాన్ బ్రౌన్, థామస్ ఫర్త్ కంపెనీలు రెండును కలిసి ఒక పరిశోధనాలయాన్ని స్థాపించి ఆయనను అధిపతిగా నియమించినవి. 1912లో తుపాకుల తయారీవారి సమస్య ఒకటి ఆయన ఎదుటికి వచ్చినది. గుండు పేలినపుడు పుట్టే వేడి వాయువుల తాకిడికి తుపాకి గొట్టం లోపలిభాగం క్రమంగా అరిగిపోతున్నది; గుండు గురి తప్పుతున్నది. క్రోమియం అనే లోహాన్ని కలిపినచో ఉక్కు ఎక్కువ వేడికి ఓర్చుకొనునని బ్రియర్లీ తలచినాడు. ఆయన వెదకినది అరుగుదలకు మందు. తుప్పు ఆయన ఆలోచనలోనే లేదు.

క్రోమియం కథ అప్పటికి నూరేండ్లకు పైబడినది. ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త వోక్లెన్ దానిని 1797లో కనుగొన్నాడు. భారతదేశపు ఉక్కు గొప్పతనానికి కారణం తెలిసికొనగోరి, శస్త్రపరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్, కమ్మరి కొడుకయిన మైకేల్ ఫారడే లండనులో ఎన్నో ప్రయోగాలు చేసినారు. ఉక్కులో రకరకాల లోహాలు కలిపి వారు పొందిన ఫలితాలు 1820లో, 1822లో వెలువడినవి. ఆ బాటలోనే నడచిన బెర్థియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు సులభంగా లొంగదని 1821లో గుర్తించినాడు. ఈ విధంగా మన కమ్మరుల ఉక్కును అర్థం చేసికొనబూనిన ప్రయత్నమే మిశ్రలోహాల శాస్త్రానికి ఒక ద్వారం తెరచినది. అయితే ఆనాటి క్రోమియంతోపాటు కర్బనం మితిమీరి చేరేది. లోహం పెళుసై పనికిరాకపోయేది. 1892లో షెఫీల్డువాడే అయిన రాబర్ట్ హాడ్‌ఫీల్డు క్రోమియం ఉక్కును గంధకామ్లంలో పరీక్షించి, క్రోమియం వలన ఉక్కు ఓర్పు తగ్గుతున్నదని నిర్ణయించినాడు. ఆయన చూచిన ఆమ్లానికి అది సత్యమే. గాలి, నీరు, నిమ్మరసం వేరు, గంధకామ్లం వేరు. 1895లో జర్మనీకి చెందిన గోల్డ్‌ష్మిట్ కర్బనం దాదాపు లేని క్రోమియం తీసే విధానం కనిపెట్టిన పిమ్మటనే ముందుదారి సుగమమయినది.

బ్రియర్లీ నూటికి 6 మొదలు 15 పాళ్ల వరకు క్రోమియం కలిపి ఉక్కులు చేయించినాడు. 1913 ఆగస్టు 13వ తేదీన విద్యుత్ కొలిమిలో పోసిన ఉక్కులో క్రోమియం నూటికి 12.8 పాళ్లు, కర్బనం 0.24 పాళ్లు. దాని నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూడవలెనంటే ముక్కను అద్దంవలె నునుపుచేసి, ఆల్కహాలులో కలిపిన నత్రికామ్లంతో ఒరపించవలెను. ఆమ్లం తిన్న చోట లోహపు రేణువుల రూపురేఖలు తేలుతవి. ఈ ముక్కమీద ఆమ్లం పారలేదు. పదునుపెట్టి నునుపుచేసిన ముక్క ఎంతకును మొండికెత్తినది. పరీక్ష చేసేవానికి ఇది చికాకు. పని ముందుకు సాగదు. బ్రియర్లీ ఆ చికాకువద్దనే ఆగినాడు. ప్రయోగశాల ఆమ్లానికి లొంగనిది వంటింటి పులుపుకు లొంగునా అని వెనిగరుతో, నిమ్మరసంతో పరీక్షించినాడు. మామూలు ఉక్కు నల్లబడినది. ఇది మెరుస్తూనే ఉన్నది. పాత ఇనుము కుప్పలో పారవేసిన ముక్క కొన్నినెలల తరువాత మెరుస్తూ కనబడినదని ఒక కథ లోకంలో వ్యాపించినది. ఆ కథ అందమైనదే. అసలు జరిగినది మాత్రం ఆమ్లంతో చేసిన ఈ పరీక్ష. అదృష్టం తలుపు తట్టినదన్నది నిజం కావచ్చును, కాని తలుపు తీయడానికి ముప్పదియేండ్ల సాధన కావలసివచ్చినది.

తుపాకి గొట్టాలకు ఆ ఉక్కు ఆశించినంత మేలు చేయలేదు. బ్రియర్లీ మనస్సు మాత్రం తన ఊరి కత్తులమీదికి పోయినది. ఆ ఉక్కు ఎందుకు మెరుస్తూ ఉన్నదో తరువాతి శాస్త్రజ్ఞులు విశదపరచినారు. ఇనుముకు తేమ, గాలి తగిలినచో పుట్టే తుప్పు పెళుసు. పొరలు పొరలుగా రాలి లోపలి ఇనుమును మరల గాలికి అప్పగిస్తుంది. క్రోమియం నూటికి సుమారు 10.5 పాళ్లకు మించినపుడు అది గాలిలోని ఆమ్లజనితో కలిసి ఉక్కుపై కంటికి కనబడని ఒక పొరను ఏర్పరుస్తుంది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేసినచో వానిలో రెండు మూడు భాగాలంత మందం. అంత పలుచనిదైనా అది సందులేని కవచం. గీత పడినచో గాలి తగిలినంతనే ఆ కవచం తనంతట తానే పూడుతుంది. కళాయి అరిగినచో మరల వేయించవలెను. ఈ కళాయి తనను తానే వేసికొంటుంది.

కంపెనీ పెద్దలు కత్తుల మాటను లక్ష్యపెట్టలేదు. బ్రియర్లీ పట్టుబట్టి ఆ ఉక్కును షెఫీల్డులోని ఇద్దరు కత్తుల తయారీదారులకు పంపించినాడు. అది సమ్మెటకు లొంగదనీ, సానకు రాదనీ, పదును నిలువదనీ వారు తీర్పు చెప్పినారు. కోయని కత్తులను కనిపెట్టినవాడని ఊరివారు ఆయనను ఎగతాళి చేసినారు. 1914లో ఆయనకు మోస్లీ కంపెనీలో కత్తుల పని చూచే ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే అనుభవశాలి పరిచయమయినాడు. స్టూవర్ట్ వెనిగరులో పరీక్షించి ఆ ఉక్కు విలువను గ్రహించినాడు. బ్రియర్లీ దానిని తుప్పు పట్టని ఉక్కు అని పిలిచేవాడు. మచ్చపడనిది అనే అర్థం గల స్టెయిన్‌లెస్ అన్న పేరు స్టూవర్ట్ పెట్టినదే. అయినను మొదటి కత్తులు కుదరలేదు. అపుడు బ్రియర్లీ స్వయంగా కొలిమివద్ద నిలిచినాడు. సాధారణమైన కత్తి ఉక్కుకు చాలే వేడి ఈ ఉక్కుకు చాలదు. ఇది పదునెక్కవలెనంటే సుమారు 1000 డిగ్రీల వేడి కావలెను. రీగాలో చేతిమీద నేర్చిన విద్య ఇక్కడ ఫలించినది. కత్తి తెగినది, మచ్చపడలేదు.

కత్తులు కుదిరిన కాలంలోనే కలహం ముదిరినది. ఈ ఉక్కుపై హక్కు ఎవరిది? జీతమిచ్చి, కొలిమి ఇచ్చి, సమస్య ఇచ్చినది తామేగనుక అంతయు తమదేనని కంపెనీ వాదించినది. అడిగిన సమస్య తుపాకిదనీ, దొరికిన సమాధానం కత్తిదనీ, ఆ రెంటి నడుమ నడచిన ఆలోచనలో తనకు భాగమున్నదనీ బ్రియర్లీ పక్షం. పేటెంటు తీసికొనడానికి మొదట ఉత్సాహం చూపని కంపెనీ, వ్యాపారం కనబడిన తరువాత కీర్తిలోనూ భాగమివ్వడానికి సిద్ధపడలేదని ఆయన నొచ్చుకొన్నాడు. 1914 చివర పరిశోధనాలయాన్ని విడిచి, 1915లో బ్రౌన్ బేలీ కంపెనీలో కర్మాగారాధికారిగా చేరినాడు. జాన్ మాడక్స్ అనే వృద్ధుని తోడ్పాటుతో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. 1916 సెప్టెంబరు 5న అది మంజూరయినది. 1917లో పాత యజమానులు, ఆయన కలిసి ఫర్త్ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్ సిండికేటును ఏర్పరచినారు. పనివాని పేరు, యజమాని పేరు ప్రక్కప్రక్కనే నిలిచినవి.

కాని మొదటివాడు ఎవరన్న ప్రశ్న అంతటితో తీరలేదు. జర్మనీలోని క్రుప్ కంపెనీలో బెన్నో ష్ట్రౌస్, ఎడ్వర్డ్ మౌరర్ అనే ఇద్దరు క్రోమియంతోపాటు నికెలు కలిపిన ఉక్కుకు 1912లోనే పేటెంటు కోరినారు. అమెరికాలో మోటారు బండ్ల నిర్మాత ఎల్వుడ్ హేన్స్ తనకు తానుగా క్రోమియం ఉక్కును సాధించి 1919లో పేటెంటు పొందినాడు. అంతకుముందే ఇరుపక్షాల హక్కులను కలిపి అక్కడ ఒక కంపెనీ ఏర్పడినది. ఇందరు ఏకకాలంలో ఒకే ఫలాన్ని అందుకొన్నారంటే చెట్టు పండినదన్నమాట. అయితే పండును ప్రజల పళ్లెములోకి తెచ్చిన గౌరవం బ్రియర్లీదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఉక్కు విమానపు ఇంజన్ల కవాటాలకు అవసరమై కత్తుల తయారీ ఆగిపోయినది. శాంతి వచ్చిన తరువాత మరల ఇండ్లకు చేరినది.

బ్రియర్లీ పోసినది ఒక ఉక్కు. నేడు దాని వంశం పెద్దది. అమెరికాలో ఏర్పడిన అంకెల పేర్లతో అవి లోకమంతటా వ్యవహారంలో ఉన్నవి. బ్రియర్లీ ఉక్కుకు నేటి వారసుడు 420 రకం. క్రోమియం 12 మొదలు 14 పాళ్లు, కొంత కర్బనం. వేడిచేసి చల్లార్చినచో గట్టిపడి పదునెక్కుతుంది, అయస్కాంతానికి అంటుకొంటుంది. కత్తులు, కత్తెరలు, శస్త్రపరికరాలు దీనితో చేస్తారు. 430 రకంలో క్రోమియం 16 మొదలు 18 పాళ్లు, నికెలు కలుపరు. ఇదికూడ అయస్కాంతానికి అంటుకొంటుంది కాని పదునెక్కదు. పొయ్యిల పైరేకులకు, చవుక సామానుకు దీనిని వాడుతారు. భారత ప్రభుత్వం 1992 నుండి ముద్రిస్తున్న రూపాయి నాణెం ఇట్టి జాతి ఉక్కే; ఉపాధ్యాయులు తరగతిలో ఒక అయస్కాంతంతో దానిని చూపించవచ్చును.

వంటపాత్రలకు పేరుపొందినది 304 రకం. క్రోమియం 18, నికెలు 8 పాళ్లు ఉండుటచేత దీనిని 18/8 అని కూడ అంటారు. క్రుప్ వారి వంశానికి చెందిన ఈ రకాన్ని 1924లో షెఫీల్డులో వ్యాప్తికి తెచ్చినవాడు, బ్రియర్లీ విడిచిన ఆసనంలో కూర్చున్న హాట్‌ఫీల్డు. నికెలు చేరుటవలన లోహం మెత్తగా సాగుతుంది. పలుచని రేకునుండి అతుకు లేకుండ లోతైన గిన్నెను లాగవచ్చును. అయస్కాంతం దీనికి అంటదు. పాలకేంద్రాల తొట్లకు, ఆసుపత్రి సామానుకు ఇది అనుకూలం. అతుకులు ఎక్కువగా ఉండే పనికి కర్బనం 0.03 పాళ్లకు మించని 304 ఎల్ రకం వాడుతారు. కర్బనం ఎక్కువైనచో అతుకు వేడికి అది క్రోమియాన్ని పట్టుకొని, ఆ చోట కవచం బలహీనపడుతుంది. 316 రకంలో 2 మొదలు 3 పాళ్ల మాలిబ్డినం అదనం. ఉప్పుగాలి వీచే సముద్రతీరాలలో, మందుల కర్మాగారాలలో దానికి సాటి తక్కువ. నికెలు ఖరీదు కనుక దానిని తగ్గించి మాంగనీసు కలిపినవి 201, 202 రకాలు. మనదేశపు సామాను అంగళ్లలో ఈ రకాలు విస్తారం. మెరుపులో 304కు తీసిపోవు. ఓర్పులో మాత్రం తక్కువ.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలెను. అయస్కాంతం అంటనిదే మంచి స్టీలని అంగళ్లలో ఒక పరీక్ష ప్రచారంలో ఉన్నది. 202 రకానికీ అయస్కాంతం అంటదు. 304 రేకును బాగుగా వంచి సాగదీసిన అంచులవద్ద కొద్దిగా అంటవచ్చును. కావున ఆ పరీక్ష ఒక్కటే చాలదు; పాత్రపై ముద్రించిన రకపు గుర్తును చూచుకొనడం మేలు. తుప్పు పట్టని ఉక్కు అన్నంతమాత్రాన దేనికీ లొంగనిదని భావించడం కూడ పొరపాటు. ఉప్పులోని క్లోరైడు ఆ పలుచని కవచాన్ని అక్కడక్కడ ఛేదించి సూదిమొనవంటి గుంటలు చేస్తుంది. అందుచేత పులుసు కాచుకొనవచ్చును గాని, ఉప్పూ పులుపూ కలిసిన ఊరగాయను నెలలకొలది స్టీలు డబ్బాలో నిలువచేయరాదు. నెల్లూరి ముత్తవ్వల జాడీకి నేటికీ ఉద్యోగం పోలేదు. ఇనుప పీచుతో తోమినచో దాని తునకలు అంటుకొని తుప్పు మచ్చలు కనబడుతవి. నేరం గిన్నెది కాదు, పీచుది.

ఒక లోహంలో సర్వగుణాలు కుదరవని ఈ రకాలన్నియు చాటుతున్నవి. గిన్నెగా సాగే 304 వేడిచేసి చల్లార్చినంతమాత్రాన కత్తిగా పదునెక్కదు. కత్తిగా పదునెక్కే 420 గిన్నెవలె సాగదు. బ్రియర్లీని కోయని కత్తుల కర్తయని నవ్వినవారు ఈ రహస్యం ఎరుగక, కొత్త ఉక్కును పాత కొలతతో కొలిచినవారే.

మనదేశంలో ఈ పరిశ్రమకు తెలుగు సీమ కూడ తోడ్పడుతున్నది. క్రోమియం ఖనిజం కృష్ణాతీరాన కొండపల్లి కొండలలో ఉన్నది. విజయనగరం జిల్లాలోని గరివిడి, కొత్తవలస మిశ్రలోహ పరిశ్రమలకు పేరుపొందినవి. 1973లో హైదరాబాదులో ఏర్పడిన మిశ్రధాతు నిగమం విమానాలకు, అంతరిక్ష నౌకలకు కావలసిన ప్రత్యేకపు ఉక్కులను తయారుచేస్తున్నది. పొరుగు తమిళనాడులో 1980వ దశకం ఆరంభంలో పని మొదలుపెట్టిన సేలం ఉక్కు కర్మాగారం స్టీలు రేకును దక్షిణదేశపు ఇండ్లకు దగ్గర చేసినది.

బ్రియర్లీకి 1920లో ఉక్కు పరిశ్రమలో శ్రేష్ఠమైన బెస్సెమర్ స్వర్ణపతకం లభించినది. 1939లో జన్మస్థలమయిన షెఫీల్డు ఆయనను గౌరవ పౌరుడుగా సన్మానించినది. 1941లో ఆత్మకథను వెలువరించి, తాను పడిన కష్టాన్ని, పనివారి నేర్పును మొగమాటం లేకుండ వ్రాసినాడు. కొలిమి మనిషి కన్నుకూ చేతికీ ఉన్న విజ్ఞానాన్ని ప్రయోగశాల లెక్కలు చిన్నచూపు చూడరాదని ఆయన జీవితాంతం నమ్మినాడు. ఆ సంవత్సరమే ఫ్రెష్‌గేట్ అనే ధర్మసంస్థను స్థాపించి, విద్యకు, కళలకు, యాత్రలకు అవకాశం లేని సామాన్యులకు తోడ్పడే ఏర్పాటు చేసినాడు. 1948 జూలై 14న ఇంగ్లండు దక్షిణతీరంలోని టార్కీ పట్టణంలో 77వ యేట కన్నుమూసినాడు.

స్టీలు కంచం ముందు కూర్చున్నపుడు తలచుకొనదగిన పేర్లు ఎన్నో కలవు. మూసలో ఉక్కు వండిన కోనసముద్రపు కమ్మరులు, వారి విద్యను అర్థం చేసికొనబూనిన ఫారడే, నిమ్మరసంతో పరీక్షించిన బ్రియర్లీ అందరూ ఆ మెరుపులో భాగస్వాములే. వారితోపాటు తలచవలసినవాడు జేమ్స్ టేలర్. ఆయన ఏ ఉక్కునూ కనిపెట్టలేదు. ఆయన పేరు ఏ కత్తిమీదనూ ముద్రపడలేదు. సీసాలు కడగడానికి వచ్చిన ఒక బీదపిల్లవాని చేతికి లెక్కల పుస్తకం అందించినాడు, అంతే. చేజర్లలోనో, ఉదయగిరిలోనో ఒక బడిపంతులు నేడు చేయగలిగిన పనియును అదే.